పట్టాలు పోయాక దారి ఎవరిది?

వాడకం మానేసిన రైలు మార్గం ఒకచోట సైకిలు బాటయింది, మరోచోట కార్ల పాలయింది. ఫరీదాబాద్ కాలువ గట్టు నుంచి రాజమండ్రి హేవలాక్ వంతెన దాకా అసలు ప్రశ్న ఒక్కటే: ఆ నేల తెగిపోకుండా ఎవరు కాపాడతారు?

ఉదయం ఎనిమిది కాకముందే ఫరీదాబాద్‌లో సైకిళ్లు రోడ్డెక్కుతాయి. హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్ డబ్బా, క్యారియర్ మీద పనిముట్ల సంచి, కొన్నిటి మీద ఇద్దరేసి మనుషులు. షిఫ్టు మొదలయ్యేలోపు ఫ్యాక్టరీ గేటు దాటాలి. ఢిల్లీకి దక్షిణాన ఆనుకుని ఉన్న ఈ పారిశ్రామిక నగరంలో సైకిలు వ్యాయామం కాదు, సరదా అంతకన్నా కాదు. బస్సు చార్జీ మిగిల్చే సాధనం. అయినా ఆ సైకిలుకంటూ ఊళ్లో ఒక దారి లేదు. మధుర రోడ్డు మీద లారీల పక్కనో, ఫ్లైఓవర్ల ఎత్తు మీదో, రైలు కట్ట కింది ఇరుకు సందుల్లోనో అది తన తోవ తాను వెతుక్కోవాలి.

ఊరి నిర్మాణమే అలాంటిది. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన కాందిశీకుల కోసం 1949లో మొదలైన కొత్త టౌన్‌షిప్ రైలు కట్టకు పడమరన వెలిసింది. ఎన్.ఐ.టి. అని ఇప్పటికీ పిలిచేది దాన్నే. తర్వాత వచ్చిన సెక్టార్లు చాలావరకు కట్టకు తూర్పున ఉన్నాయి. ఇంకా తూర్పుకు వెళ్తే ఆగ్రా కాలువ. దాని అవతల పుట్టుకొచ్చిన అపార్ట్‌మెంట్ల ఫరీదాబాద్‌ను స్థానికులు 'నహర్ పార్' అంటారు, కాలువ ఆవల అని. రైలు, రోడ్డు, కాలువ అనే మూడు గీతలు ఊరిని ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువునా చీల్చాయి. చాలామందికి ఇల్లు ఒక చీలికలో, పని మరో చీలికలో.

ఈ మూడింటిలో కాలువది ఆసక్తికరమైన చరిత్ర. యమున మీద ఓఖ్లా దగ్గర మొదలయ్యే ఈ కాలువను 1874లో తెరిచారు. పొలాలకు నీళ్లివ్వడంతోపాటు ఢిల్లీ, గుర్గావ్, మధుర, ఆగ్రా జిల్లాల మధ్య పడవల రాకపోకలకూ ఉపయోగపడింది. 1904లో పడవలు నిలిచిపోయాయి. ఢిల్లీ, ఆగ్రాలను కలిపే రైలు మార్గం వచ్చిందీ ఆ ఏడాదే. అది కేవలం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

పడవలు పోయినా గట్టు మిగిలింది. ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా సాగే సన్నని నేలపట్టీ అది. కాలువ నీళ్లు నురగ కక్కుతున్న మాట, ఒడ్డున చెత్త పేరుకున్న మాట నిజమే. ఇవాళ దాన్ని సుందరమైన దారి అనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ సైకిలు తొక్కే మనిషికి కావలసిన మొదటి రెండు లక్షణాలు, చదును, ఎడతెగనితనం, అక్కడ ఉన్నాయి. వాటిని ముందుగా గుర్తించింది మాత్రం హైవే ఇంజనీర్లు. కాలువ పక్కనే సెక్టార్ 37 నుంచి కైలీ గ్రామం దాకా సాగే సుమారు 26 కిలోమీటర్ల బైపాస్ రోడ్డు ఢిల్లీ-ముంబై ఎక్స్‌ప్రెస్ వేకు అనుసంధాన రహదారిగా మారింది. 2024లో దాని మీద వాహనాలు పరుగు మొదలెట్టాయి. సైకిలుకు మిగిలింది సర్వీసు రోడ్డు. పైగా కాలువ పారేది హర్యానాలో అయినా దాని నిర్వహణ ఉత్తరప్రదేశ్ నీటిపారుదల శాఖది. గట్టు ఒకరిది, రహదారి ఇంకొకరిది, ఊరు మరొకరిది. ఇలాంటి చోట సైకిలు గురించి అడగడానికి ఏ ఆఫీసు మెట్లెక్కాలో తేల్చుకోవడానికే ఒక ఉద్యోగి జీవితకాలం పట్టవచ్చు.

కాలం చెల్లిన రవాణా మార్గం వదిలివెళ్లిన నేలను ఏం చేయాలన్న ఈ ప్రశ్న ఫరీదాబాద్‌కు కాలువ రూపంలో ఎదురైతే, ప్రపంచంలో చాలా ఊళ్లకు రైలు పట్టాల రూపంలో ఎదురైంది. నిజానికి సైకిలుకు రైలు మార్గాన్ని మించిన ఆస్తి లేదు. ఆవిరి ఇంజను ఎంత బలమైనదైనా ఉక్కు మీద ఉక్కు చక్రం జారుతుంది. కాస్త వాలు ఎక్కువైతే బండి ముందుకు పోదు. అందుకే పాతకాలం ఇంజనీర్లు గుట్టలను కోసి, పల్లాలను పూడ్చి, వంద మీటర్లకు ఒక మీటరుకు మించి ఎత్తు పెరగకుండా చూసేవారు. మలుపులు కూడా విశాలంగా, మెల్లగా తిరుగుతాయి. అరవై ఏళ్ల మనిషి గేర్లు లేని సైకిలు మీద ఆయాసపడకుండా పోవడానికి సరిగ్గా ఇదే కావాలి. ఇంకో సుగుణం ఉంది. స్టేషన్లను ఊళ్ల నడిబొడ్డున కట్టారు. కాబట్టి ఆ దారి అడవిలో మొదలై అడవిలో ముగిసేది కాదు, ఇళ్లను, అంగళ్లను, పనిచేసే చోట్లను కలిపేది.

ఈ సంగతి మొదట పట్టించుకున్నవాటిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఒకటి. ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య వదిలేసిన మార్గాన్ని మూడు సొరంగాలతో సహా 1960ల్లోనే సైకిలు బాటగా మార్చింది. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక వేల మైళ్ల రైలు మార్గాలకు మంగళం పాడింది. అలా మూతపడినవాటిలో ఒకటైన బ్రిస్టల్-బాత్ మార్గాన్ని స్థానిక సైకిలు సంఘం కార్యకర్తలు పారలు పట్టుకుని 1979లో బాగుచేయడం మొదలెట్టారు. 1986కల్లా 21 కిలోమీటర్ల బాట పూర్తయింది. ఇవాళ అది సెలవురోజు షికారుకే కాదు, బ్రిస్టల్ ఆఫీసులకు వెళ్లేవారికీ రోజువారీ దారి.

తెలుగువారికి బాగా దగ్గరైన ఉదాహరణ మాత్రం వాషింగ్టన్ శివార్లలో ఉంది. ఉత్తర వర్జీనియాలోని హెర్న్‌డన్, రెస్టన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్ ఊళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. ఈ ఊళ్లన్నిటినీ దారానికి పూసల్లా గుచ్చి ఉంచేది డబ్ల్యు అండ్ ఓడీ ట్రెయిల్. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ రైల్‌రోడ్ అన్న పాత రైలు కంపెనీ పేరే దానికి మిగిలింది. ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ దగ్గర మొదలై, బ్లూ రిడ్జ్ కొండల దిశగా పర్సెల్‌విల్ దాకా 72 కిలోమీటర్లు. దారి పొడవునా సున్నా నుంచి లెక్కపెట్టే మైలు స్తంభాలున్నాయి. హెర్న్‌డన్ ఇరవయ్యో మైలు దగ్గర, ఆష్‌బర్న్ ఇరవై ఏడు దాటాక.

ఆష్‌బర్న్ నుంచి రెస్టన్ ఆఫీసుల దాకా ఈ దారిన సుమారు 16 కిలోమీటర్లు. తాపీగా తొక్కితే గంట. కారులో ఇంతకన్నా త్వరగా చేరవచ్చు, అదీ ఉదయపు రద్దీ దయతలిస్తే. సైకిలు మీద వెళ్లేవాడికి ఆ రద్దీతో సంబంధం లేదు. రెండు పక్కలా చెట్లు. అక్కడక్కడా వాగుల మీద వంతెనలు. తెల్లవారుజామున లేళ్లు దారికి అడ్డొచ్చి, ఒక క్షణం తేరిపార చూసి పొదల్లోకి దూకుతాయి. శరదృతువులో మేపుల్ ఆకులు ఎర్రబడి దారంతా పరుచుకుంటాయి, వాన పడిందంటే వాటి మీద చక్రం జారుతుంది కూడా. వెనుక నుంచి వేగంగా వచ్చేవాడు 'ఆన్ యువర్ లెఫ్ట్' అని కేకేసి దాటిపోతాడు. హెర్న్‌డన్‌లో పాత స్టేషన్ భవనం అలాగే ఉంది, పక్కన ఎర్ర రంగు గార్డు పెట్టె. వియన్నా ఊళ్లోనూ పాత స్టేషన్‌ను కాపాడుకున్నారు. ఆష్‌బర్న్ వైపు వచ్చేసరికి దృశ్యం మారుతుంది. కిటికీలు లేని పెట్టెల్లాంటి డేటా సెంటర్లు వరసగా నిలబడి ఉంటాయి. ప్రపంచపు ఇంటర్నెట్‌లో పెద్ద వాటాను మోసే ఊరు అదే మరి. ఆ డేటా సెంటర్లకు అటు పక్క సైకిలు తొక్కుతూ పోయే మనిషి అందులోని సర్వర్లను చూసుకునే ఉద్యోగే అయినా ఆశ్చర్యం లేదు.

అక్కడి తెలుగువారంతా సైకిళ్ల మీదే ఆఫీసుకు వెళ్తారనుకుంటే పొరపాటు. అత్యధికులు కారే ఎక్కుతారు. శని, ఆదివారాల్లో పిల్లలకు సైకిలు నేర్పడానికో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను సాయంత్రం నడకకు తీసుకెళ్లడానికో ఈ దారికి వస్తారు. చీరకట్టు మీద స్పోర్ట్స్ బూట్లు తొడుక్కున్న అత్తయ్యలు అక్కడ వింత కాదు. అయితే 2014లో సిల్వర్ లైన్ మెట్రో ట్రెయిల్‌కు దగ్గరగా రెస్టన్ దాకా రావడం, 2022 నవంబరులో ఆష్‌బర్న్ దాకా పొడిగించడంతో సైకిలు మీద స్టేషన్‌కు వెళ్లి అక్కడ తాళం వేసి రైలెక్కడం తేలికైంది. రెస్టన్ స్టేషన్‌లో అందుకోసం ప్రత్యేకంగా గది కట్టారు.

ఈ దారి ఇంత నిండుగా ఎలా మిగిలిందన్నదే అసలు కథ. మొదటి రైళ్లు 1859లో నడిచాయి. అంతర్యుద్ధంలో పట్టాలు పీకేశారు, మళ్లీ వేశారు. కంపెనీలు మారాయి. కార్లు పెరిగి ప్రయాణికులు తగ్గారు. 1951లో ప్యాసింజరు రైళ్లు ఆగిపోయాయి. విచిత్రమేమంటే చివరి రోజుల్లో ఈ రైలుకు గిరాకీ తెచ్చిన సరుకుల్లో డల్లస్ విమానాశ్రయం కట్టడానికి కావలసిన కంకర, ఇసుక ఉన్నాయి. తనను మింగబోయేవాటికి తానే రాళ్లెత్తిందన్న మాట. 1968లో మార్గం పూర్తిగా మూతపడింది.

ఆ వెంటనే జరిగింది గమనించాలి. ఆర్లింగ్టన్‌లో కొంత ముక్కను హైవే శాఖ కొనేసింది. ఇప్పుడు అక్కడ ఇంటర్‌స్టేట్ 66 ఉంది. మిగతాదంతా ముక్కలుగా అమ్ముడైపోతే ఈ కథ అక్కడితో ముగిసేది. కానీ హైటెన్షన్ తీగలు లాగుకోవడానికి విద్యుత్ కంపెనీ దాన్ని గంపగుత్తగా కొనేసింది. దాదాపు వంద అడుగుల వెడల్పు, డెబ్బై కిలోమీటర్ల పొడవు ఉన్న నేల ఒకే చేతిలో ఉండిపోయింది. 1974లో ఫాల్స్ చర్చ్ పట్టణంలో చిన్న ముక్క మీద తారు వేసి చూశారు. జనం ఎగబడ్డారు. దాంతో ప్రాంతీయ పార్కుల సంస్థ విద్యుత్ కంపెనీ దగ్గర 1978 నుంచి 1982 దాకా విడతలుగా నేలను కొంది. తీగలు పైన, సైకిళ్లు కింద అన్న ఒప్పందం కుదిరింది. 1988కల్లా బాట పర్సెల్‌విల్ చేరింది. పచ్చదనం మీద ప్రేమతో మొదలైన ఉద్యమం కాదిది. కరెంటు తీగల కోసం జరిగిన కొనుగోలు పుణ్యమా అని దక్కిన దారి. ఇప్పటికీ తీగలకు అడ్డొస్తున్నాయని కంపెనీ చెట్లు కొట్టినప్పుడల్లా రగడే.

ఇలాంటి అదృష్టం మీద ఆధారపడటం కుదరదని అమెరికా కాంగ్రెస్‌కు 1983లో తోచింది. రైలు నడవని మార్గాన్ని ముక్కలు చేయకుండా బాటగా వాడుకోవచ్చు, రేపు అవసరమైతే మళ్లీ పట్టాలు వేసుకోవచ్చు అని చట్టం తెచ్చింది. 'రైల్ బ్యాంకింగ్' అన్నది దానికి పేరు. పట్టాల పక్క భూముల యజమానులు కోర్టుకెక్కారు. 1990లో ఆ దేశ సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

మళ్లీ పట్టాలు వేయడమేమిటి, జరిగే పనేనా అని నవ్వేవాళ్లు కోనసీమ అంచున ఉన్న కోటిపల్లి వెళ్లి చూడాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన 45 కిలోమీటర్ల రైలు మార్గాన్ని రెండో ప్రపంచ యుద్ధం అవసరాల కోసమని 1940లో బ్రిటిష్ ప్రభుత్వం పీకేసింది. పట్టాలు పోయాయి గానీ రైలు వస్తుందన్న ఆశ పోలేదు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జి.ఎం.సి. బాలయోగి ఆ మార్గం పునరుద్ధరణకు పట్టుబట్టారు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన ఆయన ఆ రైలును చూడలేకపోయారు. 2004లో మళ్లీ కూత వినిపించింది, 64 ఏళ్ల తర్వాత. దారి మిగిలి ఉంటే ఏదైనా సాధ్యమే.

అలా మిగలనివ్వని ఉదాహరణలే మన దగ్గర ఎక్కువ. పట్నాలో ఆర్ బ్లాక్ నుంచి గంగ ఒడ్డున దీఘా దాకా బ్రిటిష్ కాలపు రైలు మార్గం ఉండేది. ఆఖరి రోజుల్లో దాని మీద నడిచే రైలు కన్నా పక్కన నడిచే మనిషే ముందు చేరేవాడని ఊళ్లో హాస్యమాడేవారు. పట్టాల మీద బట్టలు ఆరేసుకునేవారు, గుడిసెలు వేసుకునేవారు. చివరకు పట్టాలు తీసేశారు, గుడిసెలు ఖాళీ చేయించారు. 2021 జనవరిలో అక్కడ 'అటల్ పథ్' ప్రారంభమైంది. పొడవు 6.3 కిలోమీటర్లు. నడిబొడ్డున ఇంత నిటారైన నేల దొరికితే దాన్ని సిగ్నళ్లు లేని కార్ల రహదారిగా తప్ప మరోలా ఊహించడం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. తెలుగువారు గణనీయంగా ఉన్న రాయ్‌పూర్‌లోనూ అదే కథ. ధమ్‌తరి వెళ్లే నారో గేజ్ పట్టాలు నగరంలోంచి తీసేశాక ఆ నేల మీద వెలిసింది ఎక్స్‌ప్రెస్ వేనే. ఈ రోడ్ల వల్ల ప్రయోజనం లేదని కాదు. పట్నాలో గంగ ఒడ్డుకు చేరడం నిమిషాల పని అయింది. కానీ రెండు ఊళ్లలోనూ సైకిలుకు సరిగ్గా సరిపోయే వాలు, వెడల్పు ఉన్న దారి ఆ దారి అవసరమే లేని వాహనానికి దక్కింది. మోటారుకు ఎత్తుపల్లాలు ఒక లెక్క కాదు గదా.

సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారని అడిగేవారికి 2011 జనాభా లెక్కల్లో జవాబుంది. వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 2.6 కోట్ల మంది సైకిలు మీద, 4.5 కోట్ల మంది నడిచి వెళ్తున్నట్టు అందులో తేలింది. అప్పటికి మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద పనికి వెళ్లేవారు సైకిళ్లవారికన్నా తక్కువే. ఆ తర్వాత లెక్క తారుమారై ఉండవచ్చు. అయినా కోట్ల మందికి సంబంధించిన విషయమిది. కదలాల్సింది మనుషులు, వాహనాలు కావు అని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకుంది. అదే కాలంలో రైల్వే ఖాళీ స్థలాలను వాణిజ్యపరంగా అభివృద్ధి చేయడానికి రైల్ భూమి అభివృద్ధి ప్రాధికార సంస్థ పుట్టింది. రైల్వేకు ఉన్న సుమారు 4.9 లక్షల హెక్టార్లలో దాదాపు 62 వేల హెక్టార్లు ఖాళీగా ఉన్నదే. అందులో చాలాభాగం పట్టాల వెంట సాగే సన్నని పేలికలు. ఎకరాల్లో కొలిస్తే వాటికి పెద్ద ధర పలకదు, కిలోమీటర్లలో కొలిస్తే వెలకట్టలేం. నడుస్తున్న పట్టాల పక్కన కంచె వేసి బాట తీసిన ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. ఫరీదాబాద్ లాంటి చోట, పాత మార్గం అంటూ లేని చోట, మిగిలిన అవకాశం అదొక్కటే.

హైదరాబాద్ మరో పద్ధతి ఎంచుకుంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్‌ను కొత్తగా కట్టి, పైన సౌర ఫలకాల కప్పు వేసి 2023 అక్టోబరు 1న ప్రారంభించింది. ఎండాకాలం తొక్కేవారికి ఆ నీడ వరమే. కాకపోతే అక్కడికి సైకిలును కారు మీద పెట్టుకుని వచ్చేవారు కూడా కనిపిస్తారు. కొత్తగా కట్టే ట్రాకు జాగా ఉన్నచోటే వస్తుంది. పాత రైలు దారి అయితే జనం ఉన్నచోటి నుంచే వెళ్తుంది.

తెలుగు నేల మీద అలాంటి దారులు ఎన్నో లేవు. మీటర్ గేజ్ మార్గాలను బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు చాలావరకు పాత కట్ట మీదే కొత్త పట్టాలు వేశారు. నల్లమలలో చలమ, బొగద మధ్య మాత్రం మార్గాన్నే మార్చడంతో దొరబావి వంతెన స్తంభాలు అడవిలో ఒంటరిగా మిగిలాయి. చూడటానికి గొప్ప చోటు. అయితే అక్కడి నుంచి పనికి వెళ్లేవాళ్లెవరూ లేరు.

పనికి వెళ్లేవాళ్లున్న చోటు, పట్టాల అవసరం తీరిన చోటు, చూపు తిప్పుకోనివ్వని చోటు, ఈ మూడూ కలిసింది రాజమండ్రిలోనే. గోదావరి మీద మొదటి రైలు వంతెన నిర్మాణం 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో పూర్తయింది. వాల్టన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో, 56 స్పాన్లతో కట్టారు. మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. సుమారు మూడు కిలోమీటర్ల ఆ వంతెన మీదుగా మద్రాసు-హౌరా రైళ్లు దాదాపు శతాబ్దం పాటు నడిచాయి. కొత్త ఆర్చి వంతెన వచ్చాక 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. ఇనుప గడ్డర్లు, రాతి స్తంభాలు అలాగే ఉన్నాయి.

నేల మీది రైలు కట్టకు లేని రక్షణ ఈ వంతెనకు ఉంది. నది మధ్య ఎవరూ గుడిసె వేయరు, ఫ్లాట్లు కట్టరు, నాలుగు లేన్ల రోడ్డు వేయడానికి వెడల్పు చాలదు. పాతికేళ్లు దాటినా ముక్కలు కాకపోవడానికి కారణం అదే. తూర్పు కొసన పుష్కర ఘాట్, గోదావరి స్టేషన్ పరిసరాలు, అంటే రాజమండ్రి బజారుకు కూతవేటు దూరం. పడమటి కొసన గోష్పాద క్షేత్రం, కొవ్వూరు. ఎగువన దూరంగా కొండల నీలిగీత, దిగువన ధవళేశ్వరం వైపు విశాలమైన నీళ్లు. వేసవిలో ఇసుక తిన్నెలు తేలి నది పాయలుగా విడిపోతుంది. వరద రోజుల్లో ఎర్రటి నీళ్లు స్తంభాలను ఒరుసుకుంటూ పోతుంటాయి. రోజూ ఈ దృశ్యం మధ్యలోంచి పనికి వెళ్లే యోగం ఏ ఊరికి ఉంది?

కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోజూ వెళ్లేవారికి కొదవ లేదు. కాలేజీలకు, ఆస్పత్రులకు, కొట్లలో పనికి, కూరగాయల బేరానికి. 2022లో జిల్లాల విభజన జరిగాక రెండు ఊళ్లూ తూర్పు గోదావరి జిల్లాలోవే అయ్యాయి. అంటే ఆఫీసు పనులకూ ఏరు దాటాల్సిందే. ఇప్పుడు వారికున్న దారి 1974లో వచ్చిన రోడ్ కం రైలు వంతెన. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. 2023 చివర్లో మరమ్మతుల కోసం దాన్ని కొన్ని వారాలు మూసేసినప్పుడు రెండు ఒడ్డుల జనం ఎంత అవస్థ పడ్డారో అందరికీ గుర్తే. 2015లో తెరిచిన నాలుగో వంతెన హైవే వాహనాలకు బాగుంటుంది గానీ, ఊరికి ఎడంగా ఉండటంతో సైకిలువాడికి అది చుట్టుదారి.

హేవలాక్ వంతెనను ఏం చేయాలన్నది చాలా ఏళ్లుగా రాష్ట్ర ప్రభుత్వానికీ రైల్వేకూ మధ్య నలిగిన విషయం. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అంచనా రూ. 94.44 కోట్లు. పుష్కర ఘాట్ తదితరాలతోపాటు హేవలాక్ వంతెనను పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దడం అందులో భాగం. 2027లో వచ్చే పుష్కరాలు గడువు గుర్తుచేస్తున్నాయి.

మంచిదే. తుప్పు పట్టి కూలిపోవడం కన్నా, తుక్కు కింద అమ్ముడుపోవడం కన్నా లక్ష రెట్లు మేలు. అయితే పర్యాటక ఆకర్షణకూ దారికీ తేడా ఉంది. ఆకర్షణకు టికెట్టు ఉంటుంది, గేటు ఉంటుంది, తెరిచే వేళ మూసే వేళ ఉంటాయి. జనం ఒక కొస నుంచి ఎక్కి, సగం దాకా వెళ్లి, సెల్ఫీ దిగి, వేరుశనక్కాయలు తిని వెనక్కి వస్తారు. దారికి రెండు కొసలూ తెరిచి ఉండాలి. తెల్లవారుజామున పాలవాడు ఎక్కగలగాలి, రాత్రి కొట్టు కట్టేశాక గుమాస్తా ఇంటికి పోగలగాలి. అందుకు కావలసినవి చిన్నవే: పటిష్ఠమైన పలకల పరుపు, నడుము ఎత్తుకు మించిన కటకటాలు, దీపాలు, నడిచేవారికీ తొక్కేవారికీ మధ్య ఒక గీత, మోటారు బండి ఎక్కకుండా రెండు వైపులా అడ్డుకమ్మీలు. నూట పాతికేళ్ల నాటి ఇనుము కాబట్టి గడ్డర్ల పటుత్వాన్ని ముందు పరీక్షించాలి. రైలింజను బరువు మోసిన వంతెనకు సైకిలు బరువు భారమయ్యే ప్రమాదం తక్కువ. జనం గుంపుగా నిలబడితే పడే బరువు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి, ముఖ్యంగా పుష్కరాల వేళ.

వినోదం కోసం వచ్చేవారినీ పని మీద వెళ్లేవారినీ ఒకే వంతెన మోయలేదా అంటే, మోస్తుంది. డబ్ల్యు అండ్ ఓడీ మీద ఆదివారం తోపుడు బళ్లలో పసిపిల్లలు, సోమవారం ల్యాప్‌టాప్ సంచులు కనిపిస్తాయి. అక్కడ టికెట్టు లేదు. రాజమండ్రిలో ఏమవుతుందన్నది గేటు ఎక్కడ పెడతారన్న దాని మీద ఆధారపడి ఉంది. నమూనాలు ఖరారయ్యేటప్పుడు కొవ్వూరు వైపు కొసకు ఎంత కేటాయించారో చూస్తే చాలు, కడుతున్నది పార్కో దారో తెలిసిపోతుంది.

ప్రస్తుతానికి కొవ్వూరు సైకిలు ఎప్పటిలాగే 1974 వంతెన ఎక్కుతోంది. ఆటోల హారన్ల మధ్య ఎడమ అంచు పట్టుకుని పోతుంది. కింది అంతస్తులో రైలు వెళ్తే రోడ్డు సన్నగా వణుకుతుంది. దిగువన పాత వంతెన ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఖాళీగా సాగి ఉంటుంది.